కుడి తలుపు

కాఫీ తాగిన వెంటనే కుడి తలుపు బిగించి, కారును హాల్లో పీట మీద అందరికీ కనబడేలా పెట్టాలని ఆ ఉదయం తిమ్మయ్య అనుకున్నాడు. అందరూ అంటే ఆ ఇంటికి వచ్చేవాళ్లంటూ ఎవరూ లేరు. వచ్చేవాళ్లను ఒక్కొక్కరినే ఆయనే మాన్పించాడు. అయినా ఆ రోజు ఆయుధపూజ. పూజ వేళకు కారు పూర్తి కావాలి.

అది ఎక్కి తిరిగే కారు కాదు. వారం వారం ఒక పత్రిక, దాంతోపాటు చిన్న అట్టపెట్టెలో కారు భాగమొకటి పోస్టులో వచ్చేవి. ఒక వారం చక్రం, ఒక వారం స్టీరింగు, ఇంకో వారం ఉత్త మరలు. అన్నీ బిగిస్తే అసలు కారులో ఎనిమిదో వంతు, పసిబిడ్డంత పొడుగున్న పాతకాలపు ఎర్ర కారు అవుతుంది. దాని లైట్లు వెలుగుతాయి. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి.

భార్య కృష్ణవేణమ్మ బతికున్న రోజుల్లో ఆయన కారు మాట ఎత్తితే, "ఇంటి ముందర స్కూటరు పెడితేనే నడిచేకి దోవ ల్యాకుండా ఉండాది. కారు నా నెత్తిన పెడతావా?" అనేది. ఆమె పోయిన ఏడాది ఆయన ఆ పత్రికకు చందా కట్టాడు. ఈ కారుకు బీరువా పక్కన చోటు సరిపోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పే వీలు లేదు. మిగతావాళ్లకు చెప్పే అవసరం లేదనుకున్నాడు. పూర్తికాని వస్తువును ఎవరికీ చూపించకూడదన్నది ఆయన పట్టుదల.

కల్లూరులో ఇల్లు కట్టుకోకముందు తిమ్మయ్య ఉద్యోగమంతా పత్తికొండ మార్కెట్ యార్డులో కాటా దగ్గరే గడిచింది. ముల్లు నడిమధ్య నిలబడేదాకా రైతునూ కదలనిచ్చేవాడు కాదు, వ్యాపారినీ కదలనిచ్చేవాడు కాదు. చుట్టాలను కూడా అదే కాటాలో తూచాడు. కృష్ణవేణమ్మ దినాల నాడు ఆమె తమ్ముడు భూపేష్ విస్తరి ముందు కూర్చుని, "సాంబారు నీళ్లగా ఉండాదే" అన్నాడు. ఆ సాంబారు తిమ్మయ్య దగ్గరుండి చేయించింది. ఆనాటి నుంచి బావమరిదితో ఆయనకు మాటల్లేవు.

ఆఖరి పెట్టె విప్పాడు. ఎర్రగా, నున్నగా తలుపు బయటికి వచ్చింది. కారుకు ఆనించి చూశాడు. తిప్పి చూశాడు. బోర్లించి చూశాడు. అది ఎడమ తలుపు. ఎడమ తలుపు పోయిన నెలలోనే బిగించేశాడు. పత్రికలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే అది వాడుకలో లేదని చెప్పింది. చివరి పేజీలో ఇన్నాళ్లు ఆదరించినందుకు కృతజ్ఞతలు, సెలవు అని ఉంది. కుడి తలుపు దొరక్కపోతే అన్ని వారాల పని ఒంటి రెక్క పక్షిలా ఆ బీరువా పక్కనే ఉండిపోతుంది. డ్రైవరు దిగే తలుపే లేని కారు అది.

తిమ్మయ్య కాసేపు ఆలోచించాడు. తనకు రెండు ఎడమవి వచ్చాయంటే ఎక్కడో ఎవడికో రెండు కుడివి వచ్చే ఉంటాయి. ఇందులో తూకం తప్పదు. వెంటనే ఫోన్ తీసి వాట్సాప్ స్టేటస్‌లో రాశాడు: 'కారుకు కుడి తలుపు లేదు. ఉన్నవాళ్లు ఇవ్వండి. పరామర్శలు వద్దు.' ఆ ఆఖరి ముక్క, భార్య పోయినప్పటి నుంచి ఏ కబురు పంపినా చివర చేర్చడం ఆయనకు అలవాటు.

కడప నుంచి కూతురు యామిని ఫోన్ చేసింది.

"నాయనా, కారేంది? తలుపు ఏమైంది?"

"ల్యా."

"ల్యా అంటే? ఊడిపోయిందా? నీకేం కాలేదు గదా?"

"నాకేమైతాది. తలుపు దొరికితే చెప్పు. పనిలో ఉండా, పెట్టెయ్."

ఆయన ఫోన్ పెట్టేశాడు. యామిని పెట్టలేదు. పత్తికొండలో ఉన్న మేనత్తకు చేసింది, ఆ తర్వాత మేనమామకు చేసింది.

వీధి చివర డెంటింగ్ షెడ్డు నడిపే ఇమామ్ కూడా ఆ స్టేటస్ చూశాడు. పండగ పూట పెద్దాయనకు కష్టం వచ్చిందనుకుని, షెడ్డు వెనక పడివున్న పాత టాక్సీ తలుపును ఆటోలో వేసుకొచ్చి వాకిట్లో గోడకు ఆనించాడు.

"ఏ బండో రాయలేదు నువ్వు. కుడి తలుపు ఇదొకటే ఉండాదన్నా. కొంచెం సొట్ట, కొట్టి తీస్తా. బండి యాడుండాది?"

తిమ్మయ్య సొట్టపడిన ఆ తలుపును చూశాడు. ఇది కాదని చెప్పాలంటే లోపలున్న కారు చూపించాలి. తలుపు లేని కారును ఆయన చూపించడు.

"ఆడ పెట్టు. మల్ల చూస్తాంలే" అన్నాడు.

పొద్దెక్కేసరికి వాకిట్లో జీపు ఆగింది. ముందు ఆయన అక్క హంపమ్మ దిగింది. వెనక ఆమె వీధి ఆడవాళ్లు ఇద్దరు బ్రెడ్డు, ద్రాక్షపండ్లు, ఒక సంచి నిండా టమోటాలు పట్టుకుని దిగారు. హంపమ్మకు మొదట కనబడింది గోడకు ఆనించిన తలుపు. దాని ముందు కూలబడి, సొట్ట మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. తర్వాత లేచి తమ్ముడి చేతులు, మోకాళ్లు, మెడ ఒత్తి చూసింది. అన్నీ ఉన్నాయని తేలాక కళ్లు తుడుచుకుంది. అసలు కోపం అప్పుడు బయటికి వచ్చింది.

"కారు ఎప్పుడు కొన్న్యావురా?"

"కొని రెండేండ్లాయ."

"రెండేండ్లు. ఇన్న్యారా? తోడబుట్టినదానికి చెప్పల్యా. బండికి బొట్టు ఎవురు పెట్టిరి? గుమ్మడికాయ ఎవురు కొట్టిరి? టైర్ల కింద నిమ్మకాయలన్నా పెట్టినావా?"

"పెట్టలేదు."

"పెట్టలేదంట. ఇంగ తలుపు ఉంటాదా?"

వెంట వచ్చిన ఆడవాళ్లు ఉండదని తల ఊపారు. తలుపు సంగతి తనకే బాగా తెలుసన్నట్టు ఇమామ్ కూడా ఊపాడు.

"ఆ పాడు కారు యాడుండాది ఇప్పుడు?" అంది హంపమ్మ.

"ఇంట్లో."

అందరూ ఇంటి గుమ్మం వైపు చూశారు. ఆ గుమ్మంలోంచి బీరువా పోయినప్పుడే రెండు పక్కలా సున్నం రాలింది.

"ఇంట్లోకి ఎట్ల పోయిందిరా?"

"ముక్కలు ముక్కలుగా తెచ్చినా."

హంపమ్మ మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది.

ఆ ఏడుపు మధ్యలో గేటు దగ్గర భూపేష్ కనబడ్డాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టు చొక్కా చెమటకు తడిసి ఉంది. చంకలో గుడ్డసంచి ఉంది. టాక్సీ తలుపును చూశాడు గానీ ఏడవలేదు. తిమ్మయ్యను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"బావా, నీ తలుపు జానెడు ఉంటాదా?"

తిమ్మయ్య దినాల నాటి తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు.

"జానెడుకు తక్కువే."

భూపేష్ సంచిలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి విప్పాడు. ఎర్రటి తలుపు.

"నాకు రెండూ కుడివే వచ్చినాయి బావా. మా ఇంట్లో ఎవురికీ తెలీదు, మిద్దె మింద గదిలో దాచుకున్యా. నువ్వు రాసింది యామిని సదివి ఇనిపించింది. నిజం కారైతే షెడ్డుకు పోతావు గానీ తలుపు ఇయ్యండని ఊరిని అడుగుతావా? మారుమాట్లాడకుండా బస్సెక్కినా. ఎడమది నాకియ్యి."

తిమ్మయ్య చెయ్యి చాచబోయి ఆగాడు. తలుపుకు తలుపు సరిపోయింది. ఇంకో లెక్క మిగిలి ఉంది.

"సాంబారు సంగతేంది?"

"ఏం సాంబారు?"

"మీ అక్క దినాల సాంబారు. నీళ్లగా ఉండాదంటివే."

భూపేష్ చాలాసేపు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు వచ్చిందో లేదో గానీ, ఒంటి రెక్కతో మిద్దె మీద ఉన్న తన కారు మాత్రం కళ్లముందు మెదిలింది.

"చిక్కగా ఉండె బావా."

"అందరికీ ఇనపడాల."

భూపేష్ వాకిలి వైపు తిరిగి గొంతెత్తాడు. "మా అక్క దినాల నాడు సాంబారు శానా చిక్కగా ఉండె."

హంపమ్మ ఏడుపు ఆపింది. "దెబ్బ ఇద్దరికీ తలకే తగిలినట్టుండాది" అంది.

బావా బావమరిదీ లోపలికి పోయి గడియ వేసుకున్నారు. ఒకరు స్క్రూడ్రైవరు తిప్పారు, ఒకరు టార్చిలైటు పట్టారు. తలుపు టిక్కుమని కూర్చుంది. తిమ్మయ్య దాన్ని తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. అంత శుభ్రంగా మూసుకున్న తలుపును ఆయన తన జీవితంలో చూడలేదు.

కారును పీట మీద పెట్టుకుని ఇద్దరూ వాకిట్లోకి మోసుకొచ్చారు. తిమ్మయ్య లైట్లు వేశాడు. నవ్వుతారని ఆయన కాచుకుని ఉన్నాడు. ఎవరు ముందు నవ్వితే వాళ్లతో మాటలు బంద్ చెయ్యడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు. ఇమామ్ మోకాళ్ల మీద కూర్చుని, వేలితో తాకకుండా బానెట్టు పొడవునా చూశాడు.

"ఏం పెయింటు అన్నా. ఈ మెరుపు మా షెడ్లో ఏ బండికీ రాలేదు."

హంపమ్మ కారు చుట్టూ తిరిగింది. తలుపు తీసి లోపల సీటు నొక్కి చూసింది. తమ్ముడిని చూసింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. అంతకన్నా గట్టిదేదో ఉంది.

"నిమ్మకాయలు తేండి" అంది.

కారును పీట మీంచి దించి నిమ్మకాయలు పెడితే అది నేల వదిలి గాల్లోకి లేచింది. అందుకని పరామర్శకు తెచ్చిన ద్రాక్షపండ్లు చక్రానికొకటి పెట్టారు. గుమ్మడికాయ బదులు పత్తికొండ టమోటా తిప్పి కొట్టారు. ఆడపడుచుగా హంపమ్మే బొట్టు పెట్టింది, హారతి ఇచ్చింది, ఆ వెంటనే చీరకు చెయ్యి చాచింది. తిమ్మయ్య లోపలికి పోయి బీరువాలోంచి కృష్ణవేణమ్మ మడత విప్పని చీర తెచ్చి అక్క చేతిలో పెట్టి, వంగి రెండు వేళ్లతో స్టీరింగు పట్టుకుని కారును ముందుకు తోశాడు. కారు ద్రాక్షపండ్లను చితక్కొట్టుకుంటూ వాకిలి దాటింది. ఇమామ్ ఆటో హారన్ కొట్టాడు. ఇరుగుపొరుగు గోడల మీదుగా తొంగిచూశారు. ఆ వీధిలో ఆ పండగకు ఏ బండికీ అంత పూజ జరగలేదు.

ఎడమ తలుపును పొట్లం కట్టి భూపేష్ సంచిలో తిమ్మయ్యే స్వయంగా పెట్టాడు. అన్నం తిని పొమ్మన్నాడు. అందరినీ తిని పొమ్మన్నాడు. పొద్దున ఒక్క మనిషికి వండిన సాంబారులో చెంబుడు నీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టాడు.

భూపేష్ ఆ సాంబారును రెండుసార్లు వడ్డించుకుని, విస్తరి మీద నుంచి తలెత్తకుండా తిన్నాడు.