మామగారి పావురాలు, అల్లుడి సీసాలు

ఆ ఆదివారం పొద్దున వానెస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తోట వెనక షెడ్డులో పులిసిన గోధుమ బీరుని సీసాల్లో నింపాలి, మూతలు బిగించాలి, నెలాఖరున మామగారి పుట్టినరోజుకి ఆయన చేతిలో గ్లాసు పెట్టాలి. ధనియాలు దంచి వేశాడు, నారింజ తొక్క ఎండబెట్టి మరీ వేశాడు. బీరు చెయ్యడం అతనికి ఇదే మొదలు.

మామగారు గిస్లెన్ కుర్రతనంలో ఊళ్ళోని బీరు కార్ఖానాలో పీపాలు కడిగినవాడు. అది మూతపడ్డాక ఎక్కడ ఏ గోధుమ బీరు తాగినా మూతి ముడుచుకోవడమే. ఇప్పుడాయనకి లోకమంతా పందెం పావురాలే. పెళ్ళయి నాలుగేళ్ళయినా కూతురి మొగుణ్ణి ఒక్కసారి “అల్లుడూ” అని పిలిచిన పాపాన పోలేదు. అతను పుట్టిన పట్నం పేరు పెట్టి “ఆంట్వెర్ప్ బాబు” అంటాడు, అదీ అతను ఎదురుగా ఉండగా ఇంకెవరితోనో చెబుతున్నట్టు. వానెస్‌కి ఆ ఒక్క పిలుపు కావాలి. ఈ బీరంతా దానికోసమే.

సీసాలకెత్తే ముందు బీరులో కాస్త చక్కెర కలపాలి. ఈస్టు దాన్ని తిని గ్యాసు పుట్టిస్తుంది, నురగ వస్తుంది. వానెస్ జాగ్రత్తగా కొలిచి కలిపి, మూతలు తేవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. అంతలో భార్య తినెకె తొంగిచూసింది. బల్లమీద చక్కెర పొట్లం కనిపించింది. “మతిమరుపు మనిషి, మర్చిపోయుంటాడు” అనుకుని ఓ కప్పుడు కలిపి వెళ్ళిపోయింది. ఆ వెనకే అత్తగారు మర్తా వచ్చింది. పక్క టౌనులోని చక్కెర కార్ఖానా తిండి తిని పెరిగిన ఊరు అది. చక్కెర దగ్గర చెయ్యి బిగించే ఇంటిని వాళ్ళు ఇల్లే అనరు. ఆవిడ వేలితో రుచి చూసి, మొహం చిట్లించి, “పాపం, వెర్రిబాగులవాడు” అని దోసెడు పోసి కలిపింది. తెలిస్తే అతను చిన్నబుచ్చుకుంటాడని ఇద్దరూ నోరెత్తలేదు.

పావురాల గూడు సరిగ్గా ఆ షెడ్డు మీదే ఉంది. పుట్టినరోజు ఇంకో వారం ఉందనగా ఒక సీసా ఢామ్మంది. పైన పావురాలు గోల గోల చేశాయి. వానెస్ గాజుముక్కలు ఊడ్చేసి, మిగతా సీసాల మీద తడి గోనెలు కప్పాడు. మర్నాడు ఇంకోటి పేలింది.

“ఏమిటయ్యా ఆ చప్పుడు?” అని పైనుంచి కేకేశాడు గిస్లెన్.

“అలమరాకి మేకులు కొడుతున్నా, మామయ్యా!”

“ఆంట్వెర్ప్‌లో మేకుకి ఒక్క దెబ్బేనా? గొప్ప ఊరే!”

రోజుకొకటి పేలుతూనే ఉంది. శుక్రవారం పావురాల్ని బుట్టల్లో పందేనికి పంపే వేళకి అవి ఆ చప్పుడుకి తల తిప్పడం కూడా మానేశాయి. వానెస్ మాత్రం ప్రతిసారీ చీపురు పట్టుకుని పరిగెత్తేవాడు.

పుట్టినరోజూ, ఫ్రాన్సులో వదిలిన పావురాలు సొంత గూటికి ఎగిరొచ్చే పెద్ద పందెమూ ఒకే ఆదివారం వచ్చాయి. పావురాలు దిగే వేళకి ఆ వీధిలో కుక్కల్ని లోపల కట్టేస్తారు, తీగ మీద దుప్పటి ఆరెయ్యరు, దగ్గొచ్చినా మింగేస్తారు. గూటి గడప తొక్కితేనే లెక్క. బెదిరి చూరు మీద కూర్చుందా, పందెం గోవిందా. గోడవతల పక్కింటి ఒడీల్ కూడా తన గూడు కిందే నిలబడ్డాడు. ఏటా గెలిచేది అతనే.

ఆ రోజు ఎండ మండిపోతోంది. ముందు ఒడీల్ పావురం కనిపించింది, దాని వెనకే గిస్లెన్ నీలం ఆడపావురం. గిస్లెన్ ఊపిరి బిగబట్టాడు.

ఢాం! ఢాం! ఢఢఢాం!

“ఎవర్రా అది?” అని అరిచాడు గిస్లెన్.

వానెస్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. “నా బీరు, మామయ్యా. మీ పుట్టినరోజుకని... చక్కెర కొలిచే వేశాను, ఒట్టు!”

“నువ్వూ వేశావా?” అంది తినెకె. “మరి నేనూ వేశానే!”

మర్తా ఏప్రన్ అంచు నలుపుతూ, “నేనూ... ఓ దోసెడు,” అంది.

“ముగ్గురూ కలిసి నా కొంప ముంచారు కదే!” గిస్లెన్ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. వానెస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిలుపు సంగతి దేవుడెరుగు, ఇక ఈ ఇంటి గుమ్మమైనా తొక్కనిస్తారో లేదో అనుకున్నాడు.

ఒడీల్ పావురం మొదటి ఢాంకే బాణంలా లేచిపోయి చర్చి గోపురం మీద కూర్చుంది. ఒడీల్ గింజల డబ్బా ఎంత ఆడించినా దిగలేదు. నీలంది మాత్రం కాళ్ళ కింద సీసాలు పేలుతుంటే, రోజూ ఉండే గోలే కదా అన్నట్టు, తాపీగా గూట్లోకి నడిచింది.



“అన్యాయం!” గోడవతల నుంచి ఒడీల్ గావుకేక పెట్టాడు. “మందుగుండు పెట్టి నా పిట్టని బెదరగొట్టారు!”

“మా పిట్టకి లేని బెదురు నీ పిట్టకెందుకొచ్చిందోయ్?” అన్నాడు గిస్లెన్ లేచి నిలబడి, ప్యాంటు దులుపుకుంటూ.

షెడ్డులో ఒకే ఒక్క సీసా మిగిలింది. మూత తియ్యగానే సగం బీరు పైకప్పుకి అంటుకుంది. మిగిలిన నాలుగు గుక్కలూ గిస్లెన్ తాగాడు. అందరూ ఆయన మూతి వంకే చూస్తున్నారు. మూతి ముడుచుకోలేదు. గ్లాసు అడుగున నురగ వేలితో తీసి నాకాడు కూడా.

“అల్లుడూ,” అన్నాడు.

ఎవర్ని పిలుస్తున్నాడా అని వానెస్ వెనక్కి తిరిగి చూశాడు.

“నిన్నేనయ్యా! ధనియాలు కుదిరాయి. వచ్చే పందేనికి మళ్ళీ కలుపు. చక్కెర మాత్రం మీ అత్తయ్య చేతికే వదిలెయ్.”

మర్నాడు పొద్దున్నే ఒడీల్ షెడ్డులోంచి ధనియాలు దంచుతున్న చప్పుడు వినిపించింది.