కొండెక్కిన ఆదివారాలు

ప్రతి ఇంట్లోనూ కొండ ఎక్కే మనిషి ఒకరు ఉండి తీరాలి. ఎక్కకపోయినా పరవాలేదు. నన్నడిగితే ఎక్కకుండా ఉంటేనే ఇంటికి మంచిది. ఎక్కేస్తే ఏముంది? దిగి రావాలి, అంతే. ఎక్కబోయే మనిషికైతే ఏళ్ళ తరబడి పని!

నమ్మకం కుదరకపోతే ఉడుముగారి సంగతి వినండి.

ఆయన అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడదు. పట్టిన పట్టు వదలరని స్నేహితులు ఉడుమన్నారు, అదే ఉండిపోయింది. ఉద్యోగం లిఫ్టుల మరమ్మతు. అంటే వారంలో ఆరు రోజులు జనం కాలు కదపకుండా పైకి వెళ్ళే ఏర్పాటు చూస్తారు. ఏడో రోజు తాను ఒళ్ళు హూనం చేసుకుని పైకి వెళ్ళబోతారు.

ఊరి చివర మూడంతస్తుల ఎత్తు బండ ఒకటి ఉంది. ముందువైపు గోడలా నిటారుగా ఉంటుంది. వెనకవైపు మెట్లున్నాయి. పొద్దున్నే ముసలమ్మలు కబుర్లు చెప్పుకుంటూ ఆ మెట్లెక్కి గాలి పీల్చుకుని వస్తుంటారు. ఉడుముగారు మాత్రం ముందువైపు నుంచే ఎక్కుతానని నాలుగేళ్ళ కిందట పంతం పట్టారు. దానికి ప్రాజెక్టు అని పేరు పెట్టారు. మామూలు ప్రాజెక్టు కాదు, లాంగ్ టర్మ్ ప్రాజెక్టు!

ప్రతి ఆదివారం ఆయన ముందుగా వెనక మెట్ల మీదుగా పైకి చేరి, అక్కడున్న ఇనుప కడియంలోంచి తాడు దూర్చి, రెండు కొనలూ కిందికి వదిలి, అవే మెట్లు దిగి వచ్చి, ఒక కొన నడుముకి కట్టుకుని, ముందువైపు నుంచి ఎక్కలేకపోతారు. రెండు నిలువుల ఎత్తున అరుగులాంటి చదును ఉంది. అక్కడిదాకా బాగానే వెళ్తారు. ఆపైన చేతికి దొరికేది ఒకే ఒక్క అంచు. అరిగి అరిగి పారేయబోయే సబ్బుబిళ్ళంత ఉంటుంది. ఆయన దాన్ని సబ్బుబిళ్ళ అనే పిలుస్తారు. నాలుగేళ్ళుగా దాని మీదనుంచి జారుతూనే ఉన్నారు.

జారితే నష్టమేమిటి? ఆ సబ్బుబిళ్ళ పుణ్యమా అని ఇంట్లో ఎంత క్రమశిక్షణ వచ్చిందో చూడండి.

వేళ్ళకి బలం రావాలని వంటింటి గుమ్మం పైన చెక్క ఒకటి బిగించి, రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు దానికి వేలాడతారు. అంతసేపూ ఇంటిల్లిపాదీ నడుము వంచి ఆయన కాళ్ళ పక్కనుంచి దూరి వెళ్ళాలి. ఒకరి వ్యాయామంతో అందరికీ వ్యాయామం. ఏ జిమ్ములో దొరుకుతుందండీ ఇలాంటి ఆఫరు?

"బాబూ, కాస్త ఎడంపక్కకి వేలాడతారా? సిలిండర్ వస్తోంది," అన్నారు ఒకరోజు ఆయన అత్తగారు.

చర్మం సంగతి మరీ ముఖ్యం. బండని పట్టుకోవాలంటే వేళ్ళ చివర చర్మం గట్టిగా ఉండాలి. నీళ్ళలో నానితే మెత్తబడుతుంది. అందుకని ఉడుముగారు గిన్నెలు తోమరు, బట్టలు పిండరు. "నాకు తోమాలనే ఉంటుంది, చర్మమే ఒప్పుకోదు," అని బాధపడతారు. పాపం, ఆ బాధ నిజమైనదే. అదే చర్మం మరీ మొద్దుబారితే మళ్ళీ అరగదీయాలి. దానికి భార్య పెట్టెలోని ఆకురాయి వాడతారు. ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది.

ఇక చీలమండ. అది బెణికిందంటే ప్రాజెక్టు ఆరు నెలలు వెనక్కి పోతుంది. కాబట్టి ఆయన స్టూలెక్కరు. మూడంతస్తుల బండకి సిద్ధమవుతున్న మనిషి రెండడుగుల స్టూలు ఎక్కకుండా నిగ్రహించుకోవడం ఎంత కష్టమో మనకేం తెలుసు? అత్తగారికీ తెలియలేదు.

"పెళ్ళికి ముందు కొండమీద కోతినైనా తెస్తానన్నారుగా. కోతి వద్దుగానీ, అటకమీద దుప్పటి తెచ్చిపెట్టమనవే," అన్నారు కూతురితో, అల్లుడికి వినపడేటట్టు.

ఒళ్ళు ఒక్కటే సిద్ధంగా ఉంటే చాలదు, మనసు కూడా ఉండాలి. ఉడుముగారు ఎక్కడున్నా కళ్ళు మూసుకుని బండని ఊహించుకుంటారు. ఎడమచెయ్యి పైకి, కుడికాలు పక్కకి, వేళ్ళు బిగించి, ఊపిరి వదిలి. ఇది బాగుచేసిన లిఫ్టులో నిలబడి చేస్తుంటారు. ఒకరోజు తలుపు తెరుచుకోగానే లోపల కళ్ళు మూసుకుని గాలిని గీరుతున్న మెకానిక్‌ని చూసి నలుగురు ఆడవాళ్ళు, ఒక మేనేజరు మెట్లదారి పట్టారు. వాళ్ళ గుండెకి మంచిదే కదా!

ఇంత సిద్ధపాటు ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా? తాడుకి ఒక కొన ఆయన నడుముకి ఉంటే, రెండో కొన పట్టుకుని కింద ఒకరు నిలబడాలి. ఆయన ఎక్కుతుంటే తాడు లాగాలి, జారితే బిగబట్టాలి. ఆ నిలబడే మనిషి భార్య. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ నిలబడింది. పైనుంచి ఆయన ప్రతి పట్టుకీ ముందు అడుగుతారు.

"ఉన్నావా?"

"ఉన్నానండి."

ఆ తర్వాత జారతారు. ఆవిడ తాడు బిగించి పట్టుకుంటుంది. ఇంతకన్నా అన్యోన్య దాంపత్యం ఉంటుందా?

ఆవిడకి ఏదో పరీక్ష ఉందట. ఏదో అని ఉడుముగారు అంటారు కాబట్టి నేనూ అన్నాను. అది పాసైతే సీనియర్ టెక్నీషియన్ అవుతుంది. ఇప్పుడు మైనంతో పళ్ళు చెక్కడం ఈవిడ పని, వంకర చెక్కావని కసరడం సీనియర్ పని. మూడుసార్లకి మించి రాయనివ్వరు. మొదటిసారి ఫీజు కట్టి కూడా వెళ్ళలేదు. పరీక్ష ఉన్న ఆ ఆదివారమే బండ దగ్గర కండిషన్స్ అద్భుతంగా ఉన్నాయని ఉడుముగారు తెల్లవారుజామునే లేపారు. రెండోసారి నాలుగు మార్కుల్లో పోయింది. ఇక మిగిలింది ఒక్కసారే. ల్యాబు నుంచి ఇల్లు చేరేసరికి రోజూ ఏడవుతుంది. గుమ్మానికి వేలాడే మనిషి ఉన్న ఇంట్లో మిగతా పనులు ఎవరో ఒకరు చెయ్యాలి కదా. చదువుకోవడానికి మిగిలేది ఆదివారమే.

మన భాషలో దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఆ లెక్కన ఆ ఇంటినుంచి నాలుగేళ్ళలో కొండెక్కినవి ఆవిడ ఆదివారాలు మాత్రమే.

ఒకసారి ఆవిడ బండకింద రాయిమీద కూర్చుని, తాడు పట్టుకునే, ఒళ్ళో పుస్తకం తెరిచింది. అరుగు మీదనుంచి ఉడుముగారు చూశారు. కోప్పడలేదు, ఓపిగ్గా చెప్పారు.

"తాడు పట్టిన మనిషి ధ్యాసంతా పైనే ఉండాలి. పైనున్నవాళ్ళు దిగేదాకా కూర్చోకూడదు, కదలకూడదు, ఇంకో పని పెట్టుకోకూడదు. ప్రాణాలతో వ్యవహారం."

"నిజమేనండి," అని ఆవిడ పుస్తకం మూసేసింది. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు మరి.

కిందటి ఆదివారం కూడా ఉడుముగారు మెట్లెక్కి తాడు దూర్చి వచ్చారు. బండని అరచేత్తో తడిమారు. వేళ్ళు వాసన చూసుకున్నారు. పెదవి విరిచారు.

"గాలిలో తేమ ఎక్కువుంది. ఇవాళ ఎక్కను. రెస్ట్ డే."

"తాడు ఎలాగూ వేశారుగా. నేనొకసారి ఎక్కి చూడనా?" అంది భార్య.

ఉడుముగారు మురిసిపోయారు. తన సాధన చూసి ఆవిడకీ ఉత్సాహం పుట్టిందనుకున్నారు. తానే ముడి వేసి, రెండుసార్లు సరిచూసి, రెండో కొన పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ భుజానికి చిన్న సంచి తగిలించుకుంది. మంచినీళ్ళు కాబోలు అనుకున్నారు.

ఎక్కడ చెయ్యి వెయ్యాలో చెబుదామని ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ చెయ్యి అక్కడుంది. నాలుగేళ్ళు తల ఎత్తి చూసింది కదా, బండంతా కంఠతా వచ్చేసింది. రోజంతా మైనం చెక్కే వేళ్ళు, ప్లాస్టర్ కలిపే చేతులు. అయిదు నిమిషాల్లో అరుగు మీద ఉంది.

"ఇక సబ్బుబిళ్ళే. పట్టేసుకో," అన్నారు ఉడుముగారు.

"తొందరపడకూడదండి. ముందు మైండ్ సెట్ అవ్వాలని మీరేగా అంటారు."

ఆవిడ కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంది. సంచిలోంచి పుస్తకం తీసింది. పెన్సిల్ తీసి చెవిమీద పెట్టుకుంది.

పది నిమిషాలయింది. ఉడుముగారి కాలిమీద చీమ పాకింది. గోక్కుందామంటే రెండు చేతుల్లోనూ తాడుంది. పావుగంటకి మెడ పట్టేసింది. కూర్చుందామనుకుని, తాను చెప్పిన మాటే గుర్తొచ్చి మానేశారు.

"ఇంక దిగుతావా?"

"ఇక్కడ కండిషన్స్ బావున్నాయండి. వెలుతురుంది, గాలుంది."

"చదువుకోవాలంటే ఇంట్లో చదువుకోవచ్చుగా."

"ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తారు. ఇక్కడైతే పిలిచేవాళ్ళు తాడు పట్టుకుని ఉంటారు."

ఉడుముగారి మెడ సలుపుతోంది. ఒక్క ముప్పావుగంటకే ఇలా ఉంటే, నాలుగేళ్ళలో ఎన్ని ఆదివారాలు? ఆ లెక్క ఆయన మెడకి ముందు తెలిసింది, బుర్రకి కాస్త ఆలస్యంగా తెలిసింది. సిగ్గేసింది. దిగమని మళ్ళీ అడగబోయి, మరొకటి అడిగారు. ఈ నాలుగేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"నీ పరీక్ష ఎప్పుడు?"

పైన పుస్తకంలో గీతలు గీస్తున్న పెన్సిల్ ఆగింది. ఆవిడ కాసేపు కిందికి చూసింది.

"ఇంకా అయిదు ఆదివారాలున్నాయండి."

చదువరులారా, అందుకే చెబుతున్నాను. ప్రతి ఇంట్లోనూ కొండ ఎక్కే మనిషి ఒకరు ఉండి తీరాలి. ఒంటినీ మనసునీ సిద్ధం చేసుకుని, కదలకుండా తాడు పట్టుకునే మనిషి ఇంకొకరు ఉండాలి. అయితే ఎవరు ఎక్కాలో, ఎవరు పట్టుకోవాలో నేనెక్కడైనా చెప్పానా? మొదటి వాక్యం మళ్ళీ చదువుకోండి.

ఎండ బండమీదికి వచ్చింది. ఉడుముగారు కాళ్ళు మార్చుకుని నిలబడ్డారు. పైనుంచి గొంతు వినిపించింది.

"ఉన్నారా?"

"ఉన్నాను."

"ఉండండి," అని ఆవిడ పేజీ తిప్పింది.