నాలుగు వేళ్లు కుడికి

ఆ మధ్యాహ్నమే క్లబ్బులో తుపాకీ పోటీ. జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. పొద్దున్నే పెరట్లో నాలుగు గుళ్లు పేల్చి, ఎయిర్ రైఫిలు మీది స్కోపు సరిచూసుకుని, తాపీగా బయలుదేరాలని టైలరు ఆలోచన.

మొదటి గుండు గురి అట్ట మీది నల్లచుక్కకు వేలెడు దూరంలో తగిలింది. మొన్న రైఫిలు సంచి కింద పడ్డప్పుడే స్కోపు కదిలుంటుందని అనుకున్నాడు. అట్ట దగ్గరికి వెళ్లి, మెడలోని టేపుతో కొలిచి, "వేలెడు కుడికి!" అని కేకేశాడు.

వేలెడు కుడికి పోతే స్కోపు మరను నాలుగు టిక్కులు ఎడమకు తిప్పాలని ఆయన ఇంట్లోవాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరి ఉన్నాడు. బల్ల దగ్గరున్న బావమరిది, గడియారాలు బాగుచేసేవాడు, బావకు శ్రమెందుకని నాలుగు టిక్కులు తిప్పి, గుళ్ల డబ్బా కోసం లోపలికెళ్లాడు. టీ గ్లాసులు తీయడానికి వచ్చిన భార్య, పాపం పోటీ రోజు కదా అని తనూ నాలుగు తిప్పింది. టైలరు తిరిగొచ్చి తన నాలుగూ తిప్పాడు.

రెండో గుండు రెండు వేళ్లు ఎడమకు పోయింది.

"స్కోపు పోయింది బావా. చవకలో వచ్చిందన్నప్పుడే అనుకున్నా."

"నోరు మూసుకుని స్క్రూడ్రైవరు అందుకోరా."

మరలన్నీ బిగించారు. టైలరు మళ్లీ కొలిచి, మళ్లీ కేకేశాడు. మళ్లీ ముగ్గురూ, ఎవరికి వారే, ఎనిమిదేసి టిక్కులు కుడికి తిప్పారు.

మూడో గుండు అట్టనే దాటి, పక్కన తాడు మీద ఆరేసిన పక్కింటి బ్యాంకు మేనేజరు ప్యాంటుకు, సరిగ్గా ఆయన కూర్చునే చోట, చిల్లు పెట్టింది.

"ఎనిమిది తిప్పినా ఇలా పోయిందేమిటి?" అంది భార్య.

"నువ్వు తిప్పావా?" అన్నాడు టైలరు.

"అయ్యో, నేనూ తిప్పానే అక్కా!" అన్నాడు బావమరిది.

"ఇంక దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోను! కత్తెర మీద ఒట్టు పెట్టండి ఇద్దరూ!"

"మంచికి పోతే చెడు ఎదురైందని! మాకేం పట్టింది, ముట్టుకోం," అంది భార్య.

మూతులు ముడుచుకుని ఇద్దరూ ఒట్టు పెట్టారు. టైలరు రుసరుసలాడుతూ మిషను ముందు కూర్చున్నాడు. రంగు కలిసే దారం వెతికి, అతుకు వేసి, ఇస్త్రీ చేసి ప్యాంటు ఇచ్చేసరికి మధ్యాహ్నమైపోయింది. ముగ్గురూ పరుగున క్లబ్బుకు చేరేసరికి సరిచూసుకునే సమయం కాస్తా అయిపోయింది.

ఎన్ని పేల్చినా అట్ట మీద ఒక్క చిల్లూ కనబడలేదు. నలుపులో నలుపు కలిసిపోయిందని, అన్నీ నల్లచుక్కలోనే పడ్డాయని టైలరు మీసం దువ్వుకున్నాడు.

వెళ్లి చూసొచ్చిన కోచ్ తల గోక్కున్నాడు. "గుళ్లన్నీ ఒక్క బొత్తాం మూసేంత చోట పడ్డాయండీ. ఇంత గురి నేను చూళ్లేదు."

"అయితే చోటు నాదేనా?"

"అట్ట మీద పడుంటే మీదేనండీ. నాలుగు వేళ్లు కుడికి, అట్ట బిగించిన చెక్క మీద పడ్డాయి."

టైలరు కొరకొరా వెనక్కి చూశాడు.

"కత్తెర మీద ఒట్టు బావా, నేను ముట్టుకోలేదు!"

"నేనూ ముట్టుకోలేదు," అంది భార్య.

నిజమే. టైలరూ ముట్టుకోలేదు.