మాట మీద నిలబడ్డ కుర్చీ

చెప్పుల దుకాణంలో పనిచేయు సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, చివర్లో కళ్లు తుడుచుకుంటున్న ఆ హిందీ సినిమాకు యజమానిగారు అందరికీ టికెట్లు కొన్నారు. సిబ్బంది నవ్వవలసిన చోట నవ్వి, ఏడవవలసిన చోట ఏడ్చి, సందేశాన్ని ఒలికిపోకుండా ఇంటికి తీసుకువెళ్లవలెను.

నోటీసు చదవగానే పెద్దక్క మనసు గంతులేసింది. పిల్లల బూట్ల విభాగంలో అందరికన్నా పాత మనిషి కనుక ఆమెకు ఆ పేరు. షట్టర్ లేచింది మొదలు దిగేదాకా నిలబడే ఉంటుంది. దుకాణంలో మెత్తటి సోఫాలకు కొదవలేదు గానీ, అవి కొనేవాళ్ల కాళ్లకు. మడమ నొప్పికి డాక్టరు, "మధ్యమధ్యలో కూర్చోవమ్మా. లేదంటే ఉద్యోగం మానుకోవాల్సి వస్తుంది" అని తేల్చేశాడు. ఆమె వెళ్లి స్టూలు అడిగింది. మేనేజరు నోరెళ్లబెట్టాడు.

"ఇవాళ స్టూలంటావు, రేపు దిండంటావు. కూర్చున్నవాళ్లని చూస్తే కస్టమర్లకి బద్ధకం అంటుకుంటుందక్కా!"

ఆ సినిమా సరిగ్గా ఆ స్టూలు గురించే. మీరూ చూసే ఉంటారు. నిలబడి నిలబడి విసిగిన ఒక కాపలావాడు కుర్చీని వీపుకు కట్టుకుని తిరుగుతాడు. కాలు లాగిన చోటల్లా దించి కూర్చుంటాడు, బ్యాంకు లైన్లోనూ, అత్తగారి గుమ్మంలోనూ, ఆఖరికి కోర్టు బోనులోనూ.

యజమానిగారికి హిందీ రాదు. పక్కన క్యాషియరును కూర్చోబెట్టుకున్నారు. అతను అర్థం చెప్పేసరికి సీను మారిపోయేది. అందువల్ల హాలంతా ముక్కులు చీదుతుంటే ఆయన పగలబడి నవ్వారు.

"సార్, ఇది ఏడుపు సీను!"

"ముందే చెప్పొద్దటయ్యా!" అంటూ ఆయన భోరుమన్నారు. అప్పటికి తెరమీద డ్యూయెట్ వచ్చేసింది.

పెద్దక్కకు ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది సీటు. వెనక్కి వాలుతుంది కూడా.

"ఏమన్నా అర్థమైందా అక్కా?" అంది బ్యాగుల విభాగం పిల్ల.

"నాకు కాలేదు గానీ, నా మడమకి అంతా అర్థమైందే."

మర్నాడు సభ. సిబ్బంది వరుసగా నిలబడ్డారు. యజమానిగారు సోఫాలో కూర్చుని ప్రసంగించారు. "ఆ సినిమా నన్ను నిలువునా కదిలించింది. మన దుకాణంలోనూ కుర్చీ వేయిస్తాను. నేను మాట మీద నిలబడే మనిషిని! మీరంతా నా వెనక నిలబడాలి. దుకాణం నిలబడితేనే కదా, మీరు మీ కాళ్ల మీద నిలబడేది!"

చప్పట్లు మోగాయి. "ఇన్ని నిలబడటాల్లో కూర్చోవడం ఎక్కడుందే?" అని గొణిగింది పెద్దక్క.

"సందేశం కదక్కా, చివర్లో వస్తుందిలే" అంది బ్యాగుల పిల్ల.

వచ్చింది. టేకు చెక్క, ఎర్ర మఖమలు. ద్వారం దగ్గర వేదిక కట్టి, కుర్చీని దానిమీద ప్రతిష్ఠించి, చుట్టూ పట్టుతాడు బిగించారు. 'నిలబడి పనిచేసే ప్రతి పాదానికీ అంకితం' అని బోర్డు పెట్టారు. జనం ఫోటోల కోసం ఎగబడ్డారు. వచ్చినవాళ్లు ఊరికే పోలేక చెప్పులు కొన్నారు. యజమానిగారి మానవత్వం గురించి పత్రికలో పడింది. అది చదివి ఆయన మళ్లీ ఏడ్చారు, ఈసారి సరైన చోటే.

అంతలో ఒక బుడతడు తాడు కింద నుంచి దూరి కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో ఐస్‌క్రీం.

"సందేశం మరకైపోయింది!" అని యజమానిగారు తల పట్టుకున్నారు. వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. మేనేజరు నవ్వుకుంటూ వచ్చాడు.

"కంగ్రాట్స్ అక్కా! అందరికంటే ముందు అడిగింది నువ్వే కదా. ఇవాళ్టి నుంచి ఆ కుర్చీ నీదే."

పెద్దక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజంగానా తమ్ముడూ?"

"నిజం. దాని పక్కనే ఉండి, ఎవరూ కూర్చోకుండా చూసుకో."

"మరి... నేను?"

"నువ్వు కూర్చుంటే ఇక కాపలా ఎవరు నిలబడతారక్కా?"

సాయంత్రం ఒక కుటుంబం వచ్చింది. ఇల్లాలు బోర్డు చదివి కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎంత మంచి సినిమా అండీ! రెండుసార్లు చూశాం. కళ్లు తెరిపించింది." భర్త ఫోటో తీయడానికి ఫోనెత్తాడు. మడమ సలిపి పెద్దక్క ఒక్క క్షణం కుర్చీ వీపు పట్టుకుంది.

"అమ్మాయ్, కాస్త పక్కకి జరుగు. కుర్చీకి అడ్డం వస్తున్నావు."

జరిగింది. ఆ ఫోటో మీకూ వచ్చే ఉంటుంది, గుండె గుర్తు కూడా నొక్కే ఉంటారు. అంచున సగం తెగి కనిపించే మోచెయ్యి పెద్దక్కది.