టైటస్ వ్యాను మేత పట్టిక

ల్యాప్‌టాప్ తగిలించని ఇంజన్ ఇంజనే కాదు. కోపం తెచ్చుకోకండి, శాస్త్రం మాట్లాడుతున్నాను. ఏ వేగంలో ఎంత పెట్రోలు పోయాలో కంపెనీవాళ్లు లెక్కగట్టి బండి కంప్యూటర్లో పెట్టి పంపితే, అదే వేదవాక్యమని పదేళ్లు నడిపేవాడిని ఏమనాలి? ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోకుండా విస్తరి ఖాళీచేసేవాడని అనాలి.

ఈ దేశంలో ఏ కష్టానికైనా మందు ఆ ల్యాప్‌టాప్ తెర మీది గళ్లలోనే ఉంది. బండి ఆలస్యమవుతోందా? ఒక గడిలో అంకె పెంచండి. పెట్రోలు తాగేస్తోందా? పక్క గడిలో తగ్గించండి. పెళ్లికి వెళ్తే రెండో పంక్తి కూడా లేచిపోయిందా? తప్పు మీది కాదు, ముహూర్తానిదీ కాదు, ఇంజన్ ట్యూనింగ్‌ది!

నమ్మకపోతే అల్లూరు టైటస్‌ని అడగండి.

టైటస్‌కు ఒక పాత పెట్రోలు వ్యాను ఉంది. సముద్రపు ఒడ్డున ఉన్న హేచరీ నుంచి రొయ్యపిల్లను తెచ్చి రొయ్యల గుంటల దగ్గర దించడం అతని పని. రొయ్యపిల్ల వెంట్రుక ముక్కంత ఉంటుంది. నీళ్లూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ప్రయాణం చేస్తుంది. ఎండెక్కితే ఆ సంచిలోనే ప్రాణం విడుస్తుంది. పన్నెండు కిలోమీటర్ల దారికి టైటస్ వ్యాను రెండు గంటలు తీసుకుంటోంది. పోయిన పంటకు వనజాక్షి గుంటకు తెచ్చిన పిల్లలో సగం దారిలోనే తెల్లబడి చచ్చిపోయింది.

"ఈసారి గూడా ఇట్టే అయితే నేనే కాదు, ఈ గుంటలోళ్లు ఎవురూ నిన్ను పిలవరు టైటసూ," అని వనజాక్షి నెమ్మదిగానే చెప్పింది. ఆమె నోరు చేసుకుని ఉంటే అతనికి అంత భయం వేసేది కాదు. ఆ గుంటలవాళ్లు తప్ప అతనికి వేరే బేరం లేదు.

బాగా ఆలోచించి, బండికి ఊపు చాలడం లేదని తేల్చుకున్నాడు టైటస్. నెల్లూరులో ఇంజన్ కంప్యూటర్లు సవరించే బెన్హర్ దగ్గరికి వెళ్లాడు.

"దీన్నే ఫ్యూయల్ టేబుల్ అంటారన్నా," అన్నాడు బెన్హర్ తెర చూపిస్తూ. "నిలువునా ఇంజన్ తిరిగే వేగం, అడ్డంగా దాని మింద పడే బరువు. అప్పుడెంత పెట్రోలు పొయ్యాలో ఒక్కో గడిలో ఉంటాది. సైలెన్సర్లో సెన్సర్ పెడితే, ఎక్కువైందో తక్కువైందో అది చెప్తాది."

టైటస్ మొహం వెలిగిపోయింది. "ఓస్, మేత చార్టే గదబ్బా! గుంటలో చెక్ ట్రే దించి చూస్తాం. మేత మిగిలుంటే తగ్గిస్తాం, ఊడ్చినట్టు తినేసుంటే పెంచుతాం."

"అంతేనన్నా," అన్నాడు బెన్హర్. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఇద్దరూ వ్యాను తీసుకుని హేచరీ దారి పట్టారు. ఇంజన్ ఏ గడిలో నడుస్తుంటే ఆ గడి తెర మీద వెలుగుతుంది. మొత్తం రెండు వందల యాభై ఆరు గళ్లు. పోయి వచ్చేసరికి వెలిగినవి ఏడు. ఆ ఏడూ అట్టడుగు మూలలోవే. బండి రెండో గేరు దాటితే కదా మిగతావి వెలగడానికి! బెన్హర్ నెత్తి నాలుగుసార్లు టాపుకు కొట్టుకుంది. మిగిలిన రెండు వందల నలభై తొమ్మిది గళ్లనూ అతను ఉజ్జాయింపుగా నింపేశాడు. చూశారా సాంకేతికత గొప్పతనం? రోడ్డు మీద రాని వేగం తెర మీద వచ్చేసింది.

టైటస్ పట్టుబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో వేయించుకున్నాడు. కేబుల్ కూడా తెచ్చుకున్నాడు.

పిల్ల తెచ్చే రోజు వచ్చింది. పొద్దున్నే మబ్బు పట్టింది. మబ్బు రోజున రొయ్య సరిగా తినదు, మేత తగ్గించాలి. గుంటల మధ్య పుట్టి పెరిగినవాడికి ఇది ఒకరు చెప్పాలా? టైటస్ హేచరీ గేటు ముందే ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ఏడు గళ్లలోనూ పెట్రోలు పాతిక శాతం కోసేశాడు. ఇంత ముందుచూపున్న మనిషి ఏ కార్ల కంపెనీలో ఉన్నాడో చెప్పండి!

వ్యాను దగ్గింది, మూలిగింది, గుంటలు ఇంకా రెండు కిలోమీటర్లు ఉండగా కల్వర్టు ఎక్కలేక ఆగిపోయింది. కోసిన అంకెలు మళ్లీ పెంచుదామని చూస్తే ల్యాప్‌టాప్ అంతకుముందే గతుకులకు చచ్చి ఊరుకుంది. ఈలోపు మబ్బు విడిపోయి చుర్రుమని ఎండ వచ్చింది. వెనక పదహారు సంచుల పిల్ల ఉంది. టైటస్‌కు ఏడుపొచ్చింది. వనజాక్షికి ఫోన్ చేశాడు.

ఆమె పదిహేనుమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని నడిచి వచ్చింది.

"ఏమైందయ్యా?"

"మబ్బుగా ఉండాదని మేత తగ్గించినానక్కా."

"రొయ్యలకా?"

"ఇంజనుకి."

వనజాక్షి అతన్ని ఎగాదిగా చూసి, "ఎత్తండమ్మా," అంది ఆడవాళ్లతో. పదిహేను సంచులు పదిహేను తలలకెక్కాయి. పదహారోది టైటస్ నెత్తికెత్తుకున్నాడు. అరగంటలోపే గుంట చేరారు. వ్యాను ఆరోగ్యంగా ఉన్న రోజున కూడా ఆ ముక్క దారికి ఇంచుమించు అంతే పడుతుంది. పిల్ల మాత్రం ఒక్క సంచిలో కూడా తెల్లబడలేదు.

అందుకే ట్యూనింగ్ వర్ధిల్లాలంటాను. ఇంజన్లో తప్పు వెతుక్కునేవాడు ఇంకెక్కడా వెతకడు, ఎవరి ఆఫీసు గడపా తొక్కడు. ప్రభుత్వాలకు ఇంతకంటే హాయి ఏముంది?

వ్యాను దగ్గరికి తిరిగి వస్తూ టైటస్ కాళ్లు పీకి దారి పక్కన ఒక సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు. ఆ దారి మొత్తం మీద నున్నగా ఉన్న చోటు అదొక్కటే. ఈ రోడ్డుకు ఆరేళ్ల కిందట కట్టిన శంకుస్థాపన దిమ్మె.

"దీనికి టెంకాయ కొట్టింది నేనే," అంది వెంట వచ్చిన వనజాక్షి, పక్కన కూర్చుంటూ. "ఆరు నెలల్లో తారు పడతాదన్నారు."

టైటస్ తలెత్తలేదు. "వచ్చే లోడుకు నన్ను పిలస్తావా అక్కా?"

"పిలస్తా నాయనా. బండి మాత్రం తేబాక."