తెర పడేదాకా డ్యూటీ

మా వృద్ధుల నివాసంలో నాటక సమాజం రద్దు కాలేదని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. నిజానికి రద్దు కావలసిందే. ఎందుకు కాలేదో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

నిరుడు నాటకం రెండో రంగంలోనే ఆగిపోయింది. యుద్ధానికి బయల్దేరిన సేనాపతి పక్క తలుపులోంచి నేరుగా తన గదికి వెళ్లి పడుకున్నాడు. శత్రురాజు కత్తి పట్టుకుని అరగంట ఎదురుచూసి, మందు వేళ దాటిపోతోందని తనూ వెళ్లాడు. యుద్ధం తప్పి రెండు రాజ్యాలూ సుఖంగా ఉన్నాయి గానీ, మా నిర్వాహకుడికి నచ్చలేదు. ఆయన శాంతమూర్తి. ఎవరి మీదా అరవడు, కాగితం రాస్తాడు. "ఈ ఏడు నాటకం తెర పడేదాకా నడవనిచో సమాజము రద్దగును. హాలును చక్రాల కుర్చీలు దాచుటకు వాడుకొందుము" అని బోర్డుకు అంటించాడు. చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లే దాన్ని ముందుగా చదివారు. బోర్డు వాళ్ల కళ్ల ఎత్తులోనే ఉంది మరి.

నాటకాలు నడిపేది పోస్టుమాస్టరు. రిటైరై పదిహేనేళ్లయినా ఏ కాగితం చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసే మనిషి. భార్య పోయాక ఆయన మాట్లాడటం మానేశాడు. నాటకాలు పట్టుకున్నాక మళ్లీ మొదలుపెట్టాడు, అవీ నాటకం గురించిన మాటలే. హాలు పోతే ఆ మాటలూ పోతాయని అందరికీ తెలుసు. ఆయన మాత్రం పైకి అనలేదు.

ఈ ఏటి నాటకం ఒక ముసలిరాజు కథ. కొడుక్కి రాజ్యం అప్పగించి మూలగదిలోకి మారిపోతాడు. రాజు వేషం బ్యాంకు మేనేజరుగారిది. ఆయన జ్ఞాపకశక్తి అమోఘం. నలభై ఏళ్ల కిందట తన కుర్చీ అటూ ఇటూ జరిపిన ప్యూను పేరు ఇప్పటికీ చెబుతాడు. డైలాగులే గుర్తుండవు. రాణి వేషం రిటైరైన నర్సమ్మది. సింహాసనం దగ్గరకు వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ రాజు చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది. చూసినవాళ్లు శృంగారరసం బాగా పండిందన్నారు.

"తర్వాతి మాట, రాజుగారూ?" అనేవాడు పోస్టుమాస్టరు.

"నోట్లోనే ఉందయ్యా."

"బయటికి రానివ్వండి మరి."

"పళ్లు గదిలో ఉండిపోయాయి. పెట్టుకుంటే అదే వస్తుంది."

పళ్లు వచ్చాయి. మాట రాలేదు.

అప్పుడు పోస్టుమాస్టరుకు అనౌన్సరమ్మ గుర్తొచ్చింది. బస్టాండులో ముప్పై ఏళ్లు మైకు ముందు కూర్చున్న మనిషి. మా హాల్లో మైకులో మాట్లాడితే చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్లకు నేరుగా చెవిలోనే వినబడే ఏర్పాటుంది. చెవులు బాగున్నవాళ్లకు ఏమీ వినబడదు. పక్క తెర చాటున కూర్చుని డైలాగులు చదివితే రాజుగారి చెవిలో పడతాయి గదా అని ఆయన ఆలోచన. ఆమెకూ తీరికే. ఆమెను చూడటానికి ఎవరూ రారు. ఆదివారాలు సందర్శకుల గదిలో ఊరికే కూర్చుని, ఇతరుల కోసం వచ్చినవాళ్లను చూస్తూ, వాళ్ల మాటలు వింటుంటుంది.

"నా డ్యూటీ ఎందాకండీ?" అని అడిగింది.

"తెర పడేదాకానమ్మా."

"రాసివ్వండి."

రాసిచ్చాడు.

నాటకం రోజున బిడ్డలూ కోడళ్లూ అల్లుళ్లూ వచ్చి వెనక వరుసల్లో కూర్చున్నారు. ముందు అరవైమంది మావాళ్లు. ఒక్క చిన్న సంగతి పోస్టుమాస్టరుకు తట్టలేదు. చెవి మిషన్లున్నది రాజుగారికొక్కరికే కాదు, ఆ అరవైమందికీ ఉన్నాయి. రాజు నోరు తెరవకముందే ప్రతి మాటా వాళ్ల చెవుల్లో పడింది. పది నిమిషాలు ఓపిక పట్టారు. తర్వాత వాళ్లే అనడం మొదలుపెట్టారు. "ఎవరక్కడ!" అని అరవై గొంతులు అరిచాయి. శ్రమ తప్పినందుకు రాజు ప్రజలకు నమస్కరించాడు.

అనౌన్సరమ్మకు పాత అలవాటు పోలేదు. "దయచేసి వినండి. రాణిగారు మరికొద్దిసేపట్లో రెండో ద్వారము వద్దకు వచ్చుదురు" అంది. అరవై తలలూ రెండో ద్వారం వైపు తిరిగాయి. రాణిగారికి చెప్పు దొరక్క ఆలస్యమైంది. "ఆలస్యమునకు చింతించుచున్నాము." జనం చింతించారు. వెనక వరుసల వాళ్లకు ఇవేవీ వినబడలేదు. ఈ వయసులో ఇంత క్రమశిక్షణా అని ముక్కున వేలేసుకున్నారు.

ఆఖరి మాట కూడా వచ్చేసింది. "రాజ్యమంతా నీదే నాయనా. నాకీ మూలగది చాలు" అని హాలంతా ముక్తకంఠంతో రాజ్యం వదులుకుంది. చప్పట్లు మోగాయి. పోస్టుమాస్టరు తాడు లాగాడు. ముడి కప్పీలో ఇరుక్కుంది. తెర పడలేదు.

ఈలోగా ఫొటోల కోసం బంధువులు వేదిక ఎక్కేశారు. బ్యాంకు మేనేజరుగారి కొడుకు అందరికన్నా ముందున్నాడు. అనౌన్సరమ్మ తెర వైపు చూసింది. పుస్తకం అయిపోయింది గానీ డ్యూటీ కాలేదు. పుస్తకం మూసి, నోటికొచ్చింది చెప్పసాగింది.

"నాన్నా, కాస్త చిక్కారు."

"నాన్నా, కాస్త చిక్కారే!" అన్నాడు కొడుకు. హాలు గొల్లున నవ్వింది.

"అమ్మా, మందులు టైముకు వేసుకుంటున్నావా?"

నలభై ఏళ్లు ఊరందరికీ మందులు వేసిన నర్సమ్మను కూతురు అక్షరం పొల్లుపోకుండా అదే అడిగింది. అరవైమందికీ హుషారు పుట్టింది. "ఇక్కడ మీకేం, హాయిగా ఉంది! మాకే తీరిక లేదు!" అని కొడుకు కన్నా ముందే అందుకున్నారు. అతను తమాయించుకుని మళ్లీ నోరు తెరిచేలోగా, "వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాం!" అని పైకప్పు అదిరేలా అరిచేశారు.

కొడుకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఉన్న ఒక్క మాటా ఎవరో లాగేసుకున్నారు. మాట మరిచిన నటులందరూ చూసినట్టే అతనూ పక్క తెర వైపు చూశాడు.

"తర్వాత ఇంకేం లేదు బాబూ" అంది అనౌన్సరమ్మ, అతనికీ వినబడేలా గొంతు పెంచి. "మీరెప్పుడూ అక్కడితోనే వెళ్లిపోతారు."

పోస్టుమాస్టరు తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఆ కిరీటం... బరువుగా ఉందా నాన్నా?" అన్నాడు కొడుకు చివరికి.

ఈసారి మైకు రాజు చెవిలో ఏ మాటా అందించలేదు. కిరీటం తీశాడు. "లేదురా. లోపల స్పాంజి పెట్టారు. ఇలా రా, నువ్వోసారి పెట్టుకో చూద్దాం."

కిరీటం కొడుకు చెవుల దాకా దిగింది. ముడి అప్పుడు ఊడింది. తెర దబ్బున పడింది.

"దయచేసి వినండి. తెర పడినది" అని మైకు కట్టేసి అనౌన్సరమ్మ లేచింది.

నాటకం చివరిదాకా నడిచిందని నిర్వాహకుడు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. హాలు మిగిలింది. అయితే కాగితం కింద ఒక విమర్శ చేర్చాడు: "ఆఖరి అంకములో కొత్త నటులు నాలుగు వాక్యములకు మించి నేర్చుకొని రాలేదు. ఒకరు మాత్రము సొంతముగా ఒకటి పలికిరి. బాగున్నది. సాధన అవసరము."

ఆ ప్రకారం పోస్టుమాస్టరు బంధువులందరికీ స్వహస్తాలతో ఉత్తరాలు రాశాడు. రిహార్సల్సు ప్రతి ఆదివారం పదింటికి, వేషాలు మేమే ఇస్తాం, రండి అని. ఒక్కరు కూడా అశ్రద్ధ చేయలేదు, అందరూ తిరుగుటపాలో జవాబిచ్చారు. ఆయన ప్రతి ఉత్తరాన్నీ వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా రాశారేమోనని.

అన్నిట్లోనూ ఒకటే వాక్యం. అదేమిటో ఇక్కడ రాయడం లేదు. మీకు మైకు అక్కర్లేదు.