రెండున్నరో అంతస్తు కుర్చీ

ఆ ఆదివారానికి స్టేషన్‌మాస్టరుగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికల్లా కుర్చీలో కూర్చోవాలి. ఎవరు లేవమన్నా లేవకూడదు.

ఆయన రిటైరై పదకొండేళ్ళయినా అయిదంతస్తుల ఆ భవనంలో ఎవరూ ఆయన్ని ఇంకో పేరుతో పిలవరు. ఆ కుర్చీ ఉన్నది కూడా రెండో అంతస్తులోని ఆయన ఇంట్లో కాదు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట, కిటికీ పక్కన. లిఫ్టులో నలుగురే పడతారు, అదీ తీరిగ్గా వస్తుంది గనక సగం భవనం మెట్ల మీదే తిరుగుతుంది. ఆయన రోజూ ఏడు నుంచి పదకొండు దాకా అక్కడ కూర్చుని పేపరు చదువుతారు, ఎక్కేవాళ్ళ, దిగేవాళ్ళ వేళలు చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళతో "ఇవాళ ఆరు నిమిషాలు లేటు" అని చెప్పడం ఆయన ఉచితంగా చేసే సేవ.

కుర్చీని అక్కడ వేసింది ఆయన భార్య. రిటైరైన నాలుగో రోజున ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, వాచీ చూసుకుని, "కుక్కరు మూడో విజిలు రెండు నిమిషాలు ఆలస్యం" అన్నారు. అయిదో రోజు పొద్దున్నే ఆవిడ కుర్చీని తనే మోసుకెళ్ళి కిటికీ పక్కన వేసి, "ఇక్కడ గాలి బాగా ఆడుతుందండీ" అంది. తన సుఖం కోసం ఆవిడ పడే తాపత్రయానికి ఆయన కరిగిపోయారు.

ఇంట్లో ఆయన తన తువ్వాలు ఎక్కడుందో తెలియని మనిషి. ఆ మలుపులో సంగతి వేరు. ఊరెళ్ళేవాళ్ళు తాళాలు ఆయన చేతికే ఇస్తారు. పార్సిళ్ళు ఆయన దగ్గరే దిగుతాయి. పరీక్ష తప్పిన పిల్లలు ఇంట్లో చెప్పే ముందు ఆయనకి ఒకసారి చెప్పి చూసుకుంటారు. ఆ కుర్చీ పోతే తను మళ్ళీ తువ్వాలు వెతుక్కునే మనిషిగా మిగిలిపోతానని ఆయనకి నిజంగానే భయం.

ఆ భయం తెచ్చిపెట్టింది నాలుగో అంతస్తు పళ్ళ డాక్టరు. ఒకరోజు కరెంటు లేనప్పుడు డాక్టరు మోకాలు కుర్చీకి కొట్టుకుంది. వెంటనే, మెట్ల మీద ఎవరి సొంత సామానూ ఉండకూడదని భవన సంఘంలో తీర్మానం పెట్టాడు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఓటింగు. అక్కడితో ఆగినా బాగుండేది. శనివారం సెక్రటరీ బోర్డు మీద ఇంకో నోటీసు అంటించాడు.

సెక్రటరీ నోటీసు పదిహేడు లైన్లకి తగ్గదు. అసలు విషయం ఎప్పుడూ పదిహేనో లైను దగ్గర ఉంటుంది. మూడో లైను దాటి చదివినవాళ్ళు ఆ భవనంలో ఇంతవరకూ లేరు. ఈసారి మొదటి మూడు లైన్లూ ఇవి: "ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు ముగ్గురు పరిశీలకులు మన మెట్లు, నడవలు, లిఫ్టు వగైరా ఉమ్మడి స్థలములను స్వయముగా పరిశీలించి తమ నిర్ణయము తెలియజేయుదురు."

మిగిలిన పద్నాలుగు లైన్లూ అయిదో అంతస్తులో అద్దెకుండే ఆర్టిస్టు అమ్మాయి గురించి. ఆ అమ్మాయి బొమ్మలు వెయ్యదు, తనే బొమ్మలా కూర్చుంటుంది. దాన్ని ప్రదర్శన కళ అంటారట. పదిమందీ తిరిగే చోటు మనిషిని ఎలా మారుస్తుంది, హాయినిస్తుందా దిగులునిస్తుందా అన్న అంశం మీద ఒక కళాసంస్థ ఫెలోషిప్పుకి దరఖాస్తు పెట్టింది. భవనంలో ఏదో ఒక ఉమ్మడి చోట ఒక మనిషి మూడు గంటలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు, ఎక్కడన్నది న్యాయనిర్ణేతలే వెతుక్కోవాలి. పక్షపాతం రాకుండా దరఖాస్తుల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఆ అమ్మాయిది పద్నాలుగో నంబరు.

స్టేషన్‌మాస్టరుగారు మూడు లైన్లు చదివి ఇంటికి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇన్‌స్పెక్టర్లొస్తున్నారే. కుర్చీ పని అయిపోయింది."

"రానివ్వండి. మీరు మాత్రం నోరు తెరవకండి."

"అదేమిటి? నా వాదన నేను చెప్పుకోవద్దూ?"

"మీరు వాదిస్తే కుర్చీతో పాటు ఫ్లాటు కూడా పట్టుకుపోతారు. మొన్న కరెంటాఫీసులో ఏం జరిగిందో మర్చిపోయారా? ఊరికే కూర్చోండి, చాలు. ఒక్క మాట మాట్లాడారంటే నా మీద ఒట్టే!"

ఆయన ఒట్టుకి కట్టుబడ్డారు. కానీ నోరు లేనప్పుడు కనీసం హోదా అయినా కనబడాలి కదా. ఆదివారం పొద్దున్నే ట్రంకు పెట్టెలోంచి తెల్ల యూనిఫాం కోటు తీసి తొడుక్కున్నారు. పదకొండేళ్ళలో కోటు మారలేదు, లోపలి మనిషి మారాడు. అయిదు బొత్తాల్లో ఒకటి మాత్రమే పట్టింది.

ఇక్కడ ఆయన కుర్చీలో కూర్చున్న గంటకి, అంటే ఎనిమిదింటికి, ఆర్టిస్టు అమ్మాయి మడత స్టూలు పట్టుకుని లిఫ్టులోకి వెళ్ళి కూర్చుంది. ఎక్కినవాళ్ళ కళ్ళలోకి మౌనంగా చూడటం, వాళ్ళలో కలిగే అలజడిని గమనించడం ఆమె ప్రదర్శన. మొదట ఎక్కింది ఒకటో అంతస్తు మామ్మగారు. అమ్మాయి కళ్ళలోకి చూసింది. మామ్మగారిలో ఏ అలజడీ కలగలేదు.

"వచ్చావా తల్లీ! ఇన్నాళ్ళకి లిఫ్టుకో మనిషిని పెట్టారు. అయిదు నొక్కు" అంది.

మాట్లాడకూడదని నియమం పెట్టుకుంది గానీ నొక్కకూడదని పెట్టుకోలేదు. అమ్మాయి అయిదు నొక్కింది. అక్కణ్ణుంచి ఆమెకి ఊపిరి సలపలేదు. ఇన్‌స్పెక్టర్లు వచ్చేలోగా గుమ్మాల ముందున్న చెప్పుల స్టాండ్లు, పూలకుండీలు, కాలు విరిగిన టేబుళ్ళు డాబా మీద దాచెయ్యాలని భవనమంతా ఒకేసారి అనుకుంది. లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. "కొంచెం జరుగమ్మాయ్, ఈ కుండీ ఒళ్ళో పెట్టుకో" అని కూడా ఎవరో అన్నారు.

అందుకే తొమ్మిదింటికి కింద నిలబడ్డ న్యాయనిర్ణేతలకి లిఫ్టు ఎంతకీ రాలేదు. ముగ్గురూ మెట్లెక్కారు. ఒకరు తెల్లగడ్డం పెద్దాయన, ఒకరు మెడలో చెక్కపూసల దండ వేసుకున్న ఆవిడ, మూడోవాడు వాళ్ళిద్దరూ ఏమంటే అది రాసుకునేవాడు. రెండున్నరో అంతస్తు మలుపు తిరగగానే ఆగిపోయారు.

కిటికీ వెలుగులో ఒక ముసలాయన. బొత్తాలు పట్టని యూనిఫాం. బిగించిన పెదాలు. ఆయన వాళ్ళని తేరిపార చూసి, వాచీ చూసుకుని, నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నారు. పూసల ఆవిడ మెల్లగా వంగి చూసింది. "9.05. ముగ్గురు. అయిదు నిమిషాలు ఆలస్యం" అని ఉంది.

"మనల్నే పరిశీలిస్తున్నాడు!" అంది ఆవిడ గుసగుసగా. "చూసేవాళ్ళం మనమనుకుని వచ్చాం."

"ఆ బొత్తాలు చూశారా? మనిషి పెరిగాడు, హోదా పెరగలేదు" అన్నాడు గడ్డం పెద్దాయన. మూడో ఆయన రాసుకున్నాడు.

వాళ్ళు రాసుకుంటున్న కొద్దీ స్టేషన్‌మాస్టరుగారి గుండెలు జారిపోతున్నాయి. నోరు తెరిస్తే ఒట్టు, తెరవకపోతే కుర్చీ. ఆయన కుర్చీ చేతుల్ని ఉడుంపట్టు పట్టారు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అది కూడా రాసుకున్నారు.

అదే సమయానికి, లిఫ్టు కోసం పావుగంట చూసి విసిగిపోయిన పళ్ళ డాక్టరు మెట్లు దిగుతూ వచ్చాడు. దిగుతూ దిగుతూ ఆ ముగ్గురినీ చూశాడు గానీ కుర్చీని చూడలేదు. మళ్ళీ అదే మోకాలు.

"అబ్బా!" అని ఒంటికాలి మీద గెంతాడు. "చూశారా, చూశారా? మీరే సాక్ష్యం! మాస్టారూ, ఇవి అందరి మెట్లండీ! మీ తాతగారు కట్టించినవి కావు! పదకొండేళ్ళుగా ఇక్కడే తిష్ఠ వేశారే, మేమంతా మనుషుల్లా కనబడట్లేదా? పొద్దున్నే పళ్ళు పీకడానికి వెళ్ళేవాణ్ణి పట్టుకుని 'లేటు' అంటారా? నేను లేటయితే మీకేంటండీ? పన్ను ఎక్కడికి పోతుంది?"

స్టేషన్‌మాస్టరుగారు కుర్చీ చేతుల్ని వదల్లేదు. ఒక కన్నీటి చుక్క మాత్రం కళ్ళజోడు కిందనుంచి జారింది. గడ్డం పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తర్వాత ముగ్గురూ కొట్టారు. ఇన్‌స్పెక్టర్లు తనవైపే ఉన్నారని డాక్టరు పొంగిపోయి, కొంచెం తలవంచి, సెక్రటరీని పిలుచుకురావడానికి కుంటుకుంటూ దిగిపోయాడు. లిఫ్టులో పట్టని సామాను కూడా అప్పుడే మెట్లెక్కడం మొదలైంది. సైకిలు, బీరువా తలుపు, చేపలు లేని చేపల తొట్టి. మోసేవాళ్ళు ఒక్కరూ పరిశీలకుల ముఖం చూడకుండా, దొంగల్లా తలలు దించుకుని కుర్చీ పక్కనుంచి వెళ్ళారు.

"సమాజం తన బరువు తాను మోస్తోంది" అంది పూసల ఆవిడ.

ఈ అలికిడికి స్టేషన్‌మాస్టరుగారి భార్య కాఫీ గ్లాసుతో బయటికి వచ్చింది. ముగ్గురు పరాయివాళ్ళు కాగితాలు పట్టుకుని చుట్టూ నిలబడి ఉండటం, మధ్యలో భర్త కన్నీళ్ళతో బిగుసుకుపోయి ఉండటం చూసింది. ఒట్టు ఆయనది, ఆవిడది కాదు.

"ఏమండీ, ఆయన్నెందుకు ఏడిపిస్తున్నారు? కుర్చీ తీసేస్తారా? తియ్యండి! తీసి ఈ మనిషిని ఎక్కడ పెట్టుకోమంటారో కూడా చెప్పి వెళ్ళండి. నా వంటింట్లోనా? ఈయన కుక్కరుకి కూడా టైంటేబుల్ వేస్తారు. గాలి ఆడుతుందని అబద్ధం చెప్పి నేనే తెచ్చి వేశాను. మా కాపురం పదకొండేళ్ళుగా ఆ నాలుగు కాళ్ళ మీదే నిలబడిందండీ! ఇక్కడ ఈయన రాజాలాగ ఉంటారు. ఇంట్లోకొస్తే పాపం..." అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

స్టేషన్‌మాస్టరుగారు తలెత్తి భార్యని చూశారు. గాలి గురించిన నిజం తెలిసి ఆయన మనసు చివుక్కుమంది. ఆ చివరి "పాపం" విన్నాక మాత్రం కోపం రాలేదు. పూసల ఆవిడ రుమాలు తీసి ముక్కు తుడుచుకుంది. మూడో ఆయన రాయడం ఆపేశాడు.

పదకొండింటికి, మూడు గంటల ప్రదర్శన ముగిసే వేళకి, డాక్టరు ఎట్టకేలకు సెక్రటరీని వెతికి పట్టుకుని వచ్చాడు. అమ్మాయి బట్టల నిండా మట్టితో, చంకలో స్టూలుతో, వేలు నొప్పితో లిఫ్టులోంచి బయటపడి మెట్లు దిగింది. "రేపు ఏడింటికే రామ్మా" అని పైనుంచి మామ్మగారి గొంతు వినబడుతూనే ఉంది.

"పద్నాలుగో నంబరు దరఖాస్తు ఎవరిది?" అన్నాడు గడ్డం పెద్దాయన.

"నాదేనండీ."

"ఫెలోషిప్పు నీదే, తల్లీ. ఈ నటుణ్ణి ఎక్కడ పట్టావు?"

అమ్మాయికి సంగతి అర్థమైంది. మంచి పిల్ల, అబద్ధం చేతకాదు. "అయ్యో, ఇది నేను చేసింది కాదండీ! ఈయన రోజూ ఇక్కడే కూర్చుంటారు. వీళ్ళెవరూ నటించట్లేదు."

"విన్నారా?" అంది పూసల ఆవిడ పరవశంగా. "'నేను చేసింది కాదు' అంటోంది! ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుంది!"

అమ్మాయి ఇంకో రెండుసార్లు ప్రయత్నించింది. చెప్పినకొద్దీ వాళ్ళకి ఆమె మీద గౌరవం పెరుగుతోందని గ్రహించి ఊరుకుంది. ఈ కుర్చీ ఇక ఒక కళాఖండమనీ, భవనం ఉన్నంతకాలం ఇక్కడినుంచి అంగుళం కూడా కదపకూడదనీ గడ్డం పెద్దాయన ప్రకటించాడు. సంస్థ ఒప్పందం మీద సెక్రటరీ అక్కడికక్కడే సంతకం పెట్టాడు. రాగి ఫలకం మీద తన పేరు కూడా వేస్తామన్నారు మరి. సాయంత్రం ఓటింగు రద్దయింది. డాక్టరు మోకాలికి కట్టు కట్టుకుని పడుకున్నాడు. ఒట్టు తీరిన స్టేషన్‌మాస్టరుగారు ఇంట్లో రాత్రి భోజనం దాకా ఏకధాటిగా మాట్లాడారు. ఆవిడ విన్నది.

సోమవారం ఏడింటికి ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ మెట్లెక్కారు. కుర్చీ ఉంది. కదపలేదు. దాని చుట్టూ రెండు ఇత్తడి కడ్డీలు, వాటి మధ్య ఎర్రతాడు, తాడుకి చిన్న అట్ట: "దయచేసి కూర్చోరాదు."

ఆయన వెళ్ళి సెక్రటరీ ఇంటి తలుపు కొట్టారు.

"నేనేం చెయ్యను మాస్టారూ? ఒప్పందంలోనే ఉందట. రాత్రి ఫోన్ చేసి చెప్పారు."

"ఎక్కడుంది?"

"పదిహేనో లైనులో."

"మీరు చదవలేదా?"

"మూడు లైన్లు చదివానండీ" అన్నాడు సెక్రటరీ.

ఆ రోజు స్టేషన్‌మాస్టరుగారు తాడు పక్కన నిలబడే పేపరు చదివారు. మంగళవారం మోకాళ్ళు ఒప్పుకోలేదు. బుధవారం ఇంట్లో కూర్చున్నారు. గెలిచి పోగొట్టుకున్న మనిషికి ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి ఉండదు. ఆ దిగులులో ఆయన కుక్కరు విజిళ్ళు కూడా లెక్కపెట్టలేదు. భార్యకి భయం వేసింది.

గురువారం పొద్దున ఆర్టిస్టు అమ్మాయి తలుపు తట్టింది. చేతిలో మడత స్టూలు ఉంది.

"మాస్టారూ, నేను ఎక్కడ కనబడితే అక్కడ మామ్మగారు అయిదు నొక్కమంటున్నారు. నావల్ల కాదు. అసలు ఆ ఉద్యోగానికి కావలసింది మీరు. రారూ, మీకు పుణ్యముంటుంది."

ఇప్పుడు ఏడు నుంచి పదకొండు దాకా లిఫ్టు స్టేషన్‌మాస్టరుగారి అధీనంలో ఉంది. కోటుకి ఆయన భార్య బొత్తాలు జరిపి కుట్టింది. ఏ అంతస్తు ఎన్ని నిమిషాలు లేటో తలుపు మూసుకున్నాక తీరిగ్గా చెబుతారు. అయిదంతస్తులు ఎక్కేదాకా వినక తప్పదు.

మూడు నెలల తర్వాత కళాసంస్థ నుంచి ఇంటింటికీ ఒక ఫారం వచ్చింది. ఈ కళాఖండం వల్ల మీ ఆరోగ్యంలో ఏమైనా మార్పు వచ్చిందా అన్నది చివరి ప్రశ్న. ఫారం చివరిదాకా చదివి జవాబు రాసినవాడు భవనం మొత్తానికి ఒక్క పళ్ళ డాక్టరే: లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నానని, నాలుగు కిలోలు తగ్గానని.